మనిషి కొలతకు కారు

ఇంట్లో కట్టుకున్న స్పోర్ట్స్ కారు కనబడితే జనం ముందు బానెట్ ఎత్తమంటారు. ఇంజిను ఏది, పికప్ ఎలా ఉంది, ఎంత స్పీడు పోతుంది అని అడుగుతారు. నేను మాత్రం డ్రైవరు వైపు మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగిచూస్తాను. సీటు ఎలా బిగించాడు, పెడళ్లు ఏ ఎత్తులో పెట్టాడు, ఈ రెండూ చూస్తే కట్టినవాడి పనితనం తెలిసిపోతుంది. ఇంజిను డబ్బిస్తే ఎవరైనా కొనుక్కోవచ్చు. నడుము నుంచి పాదం దాకా ఉండే ఆ కాస్త జాగాను ఒక మనిషికి సరిగ్గా కుదర్చడం మాత్రం కొంటే వచ్చేది కాదు.

ఇంట్లో కారు కట్టుకునే ఈ విద్యకు పుట్టినిల్లు ఇంగ్లండ్. లోటస్ కంపెనీ కాలిన్ చాప్‌మన్ 1957లో లోటస్ సెవెన్ అనే కారు తెచ్చాడు. విడిభాగాలు కొనుక్కుని ఇంట్లో బిగించుకుంటే అక్కడి పర్చేజ్ ట్యాక్స్ పడేది కాదు. బిగించే పద్ధతి రాసిస్తే పన్ను పడుతుందని, విప్పే పద్ధతి రాసిచ్చి కింది నుంచి పైకి చదువుకోమనేవారట! 1973లో ఆ కారు కేటర్‌హామ్ కంపెనీ వాళ్ల చేతికొచ్చింది. 1996లో రాన్ చాంపియన్ 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ పుస్తకం రాశాడు. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి, అంగుళం చదరపు స్టీలు గొట్టాలు, వెల్డింగ్ మిషను ఉంటే చాలన్నాడు. ఆ పుస్తకం పట్టుకుని దేశదేశాల్లో జనం తమ గ్యారేజీల్లో ‘లోకాస్ట్’లు కట్టేశారు.

ముందు సీటు, తర్వాత పెడళ్లు, ఆఖరున స్టీరింగ్. పని తెలిసినవాడు ఈ వరస తప్పడు. ఒట్టి గొట్టాల ఛాసిస్‌లో ప్లైవుడ్ ముక్క వేసుకుని, కారు నడిపేటప్పుడు తొడుక్కునే బూట్లతోనే కూర్చుంటాడు. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగే ఉండాలి. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. హెల్మెట్ పెట్టుకున్నా తల రోల్ బార్ కంటే కిందే ఉండాలి. పక్కనున్నవాడు సుద్దముక్కతో గుర్తులు పెడతాడు. ఆ గుర్తుల్ని బట్టే గొట్టాలు కోస్తారు.

సీటు ఎంపికలోనే సగంమంది బోల్తా పడతారు. పాత మాజ్దా ఎంఎక్స్-5 సీట్లంటే లోకాస్ట్ వాళ్లకు మహా మోజు. మొదటి తరం ఎంఎక్స్-5 సీట్లలో కొన్నింటికి తల ఆనించే చోట స్పీకర్లు కూడా ఉంటాయి. సీటు మంచిదే, కాదనను. కానీ పుస్తకంలోని కొలతలతో కట్టిన ఛాసిస్‌కు అది వెడల్పు ఎక్కువ. దాన్ని దూర్చడం కోసం ఛాసిస్‌ను నాలుగంగుళాలు పెంచుకున్నవాళ్లున్నారు. చెప్పు కోసం కాలు కోసుకోవడమంటే ఇది కాదూ! నా ఓటు పల్చటి ఫైబర్‌గ్లాస్ బకెట్ సీటుకే. గో-కార్ట్ సీట్లతో పేరు తెచ్చుకున్న టిల్లెట్ వాళ్ల సీట్లు చూడండి. దళసరి దిండు లేదు, ఆర్భాటం లేదు. ఆ ఒంపులే నడుముని పట్టుకుంటాయి. మలుపులో ఒళ్లు పక్కకు జారకపోతే చేతులు స్టీరింగ్‌ను పట్టుకుని వేళ్లాడక్కర్లేదు, తిప్పితే చాలు.

అంతకంటే గొప్పది ఫోమ్ పోసుకున్న సీటు. రెండు డబ్బాల పాలియురెథేన్ ద్రవాలను కలిపి, గట్టి చెత్త సంచిలో పోసి, వీపు వెనక పెట్టుకుని కూర్చుంటారు. కలిపిన క్షణం నుంచీ అది పొంగుతుంది, వేడెక్కుతుంది, నడుము వెనక ఖాళీల్లోకి పాకుతుంది. గట్టిపడేదాకా డ్రైవరు చేతులు స్టీరింగ్ మీద, కాళ్లు పెడళ్ల మీద పెట్టి కదలకుండా ఉండాలి. ఆ కాసేపట్లో ముందుకు వాలాడా, ఆ వాలిన వీపే అచ్చు పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఒకేసారి గుమ్మరించరు. ముందు నడుముకు, తర్వాత పక్కలకు విడతలుగా పోస్తారు. మిగిలింది రంపపు పళ్ల కత్తితో చెక్కి, నిప్పంటుకోని బట్ట తొడుగుతారు.

మనిషి కోసం కారు మారాలన్న మాటకు 1967 లె మాన్స్ రేసు సాక్ష్యం. ఫోర్డ్ డ్రైవరు డాన్ గర్నీ ఆరడుగులు దాటిన మనిషి. హెల్మెట్ పెట్టుకుంటే ఫోర్డ్ కారు పైకప్పు తలకు తగిలేది. ఆయన్ని వంగి కూర్చోమనలేదు, కప్పునే బుడగలా ఉబ్బించారు. ఆ కారులోనే ఆయన, ఎ.జె. ఫోయిట్ కలిసి రేసు గెలిచారు.

సీటు ఎంత బాగున్నా దాన్ని రివెట్లు కొట్టిన అల్యూమినియం రేకుకు బిగిస్తే గుద్దుకున్న రోజున రేకుతో సహా ఊడొస్తుంది. బోల్టు స్టీలు గొట్టంలోకే దిగాలి. బెల్టు భుజాల దగ్గర్నుంచి వెనక్కి దాదాపు సమంగా, మహా అయితే 20 డిగ్రీల వాలుతో పోవాలి. నడుం పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి.

ఇక పెడళ్లు. నా ప్రాణమంతా ఇక్కడే ఉంది! ఈ కార్లలో చాలావాటికి బ్రేకు బూస్టరు ఉండదు. కాలి బలాన్ని పెడలే పెంచాలి. ఇరుసు నుంచి పాదం ఆనే చోటుకు 240 మిల్లీమీటర్లు, పుష్‌రాడ్‌కు 40 మిల్లీమీటర్లు ఉంటే 6 రెట్లు. 40 కిలోల బలంతో తొక్కితే 240 కిలోలై మాస్టర్ సిలిండర్‌ను నెడుతుంది. సిలిండర్ సన్నదైతే ఒత్తిడి పెరుగుతుంది గానీ పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి రెండు సిలిండర్లు పెట్టి, మధ్యలో బ్యాలెన్స్ బార్ బిగిస్తే ఎటు ఎంత బలం వెళ్లాలో మన చేతిలో ఉంటుంది. ముందు చక్రాలే మొదట పట్టెయ్యాలి. వెనకవి మొదట పట్టేస్తే కారు గిర్రున తిరుగుతుంది.

బ్రేకు, యాక్సిలరేటర్ ఎత్తులు చాలామంది కారు ఆగి ఉన్నప్పుడు చూసి సరిచేస్తారు. చూడాల్సింది బ్రేకు గట్టిగా తొక్కి పట్టినప్పుడు! అప్పుడు బ్రేకు పెడల్ యాక్సిలరేటర్ కంటే రవ్వంత పైనుంటే, పాదం అంచు వాల్చి ఇంజిను వేగం పెంచి కింది గేరు వేయొచ్చు. సుజుకా ట్రాక్ మీద హోండా ఎన్ఎస్ఎక్స్ నడుపుతున్న ఐర్టన్ సెన్నా పాదాల వీడియో చూడండి. మామూలు లోఫర్లు తొడుక్కుని ఆ మనిషి చేసింది నాట్యం! ఆడి క్వాట్రో ర్యాలీ కారులో వాల్టర్ రోర్ల్ కాళ్లను చూపించే వీడియో ఇంకొకటి ఉంది. ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద ఏకకాలంలో ఆడుతుంటే నాకు రెప్ప పడదు.

పైనుంచి వేలాడే పెడళ్లా, నేల మీద నిలబడేవా అన్న తగాదా ఎప్పటిదో. నేను నేల పక్షమే. మడమ ఆనిన చోట పెడల్ ఇరుసు ఉంటే పాదానికి సహజంగా ఉంటుంది. సీటును కదలనివ్వకుండా బిగించి, పెడల్ బాక్సునే ముందుకీ వెనక్కీ జరిపేలా కట్టినవాడికి నా దండాలు.

మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ‘రేసింగ్ పెడళ్లు’ అని చిల్లులు పొడిచిన అల్యూమినియం బిళ్లలమ్ముతారు, పాత పెడల్‌కే స్క్రూలతో తగిలించుకోవాలట. బ్రేకు మీద కాలున్నప్పుడు బిళ్ల ఊడితే? పల్చటి రేకు వంచి చేసిన పెడల్ బాక్సు ఒకదాన్ని స్వయంగా తొక్కి చూశాను. పెడల్ ముందుకు వెళ్లాల్సింది పోయి పక్కకు వంగింది! పేరున్న సీట్ల ఆకారం కాపీకొట్టి, అంతర్జాతీయ మోటారు రేసుల సంస్థ ఎఫ్ఐఎ పేరుతో దొంగ లేబుల్ కుట్టి అమ్మేవాళ్లను ఏమనాలి? ఎఫ్ఐఎ 8855-1999 ప్రమాణం కింద అసలు సీటుకే తయారైన నాటి నుంచి 5 ఏళ్ల గడువు పెట్టారే, దొంగ లేబుల్‌తో వచ్చిన ఈ డొల్ల సీటు ఎవరి ప్రాణం కాపాడుతుంది? ఇది అలంకారం కాదు, ద్రోహం.

మన దేశంలో ఇంట్లో కట్టిన కారును రోడ్డెక్కించడం కష్టమే. అలాగని ఈ విద్య మనది కాకుండా పోలేదు. కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజినుతో ఫార్ములా మారుతి రేసు కార్లు కట్టి చూపించాడు. ఆయన పేరు పెట్టుకున్న కరి స్పీడ్‌వే మీదికే ఫార్ములా భారత్ పోటీలకు ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా కట్టిన కార్లు తెస్తున్నారు. ఇలాంటి విద్యార్థి పోటీలకు నమూనా అయిన ఫార్ములా స్టూడెంట్ నిబంధనల ప్రకారం బ్రేకు పెడల్ 2000 న్యూటన్ల బలానికి, అంటే సుమారు 200 కిలోలకు, విరగకుండా నిలవాలి.

తెలుగునాట ఇలాంటి కార్లు కడుతున్న పిల్లలకు నాదొక విన్నపం. ఇంజిను మ్యాపింగుకు రాత్రుళ్లు ధారపోస్తారు, సీటును మాత్రం పోటీ ముందు వారానికి వదిలేస్తారు. దయచేసి అలా చెయ్యకండి. ఛాసిస్ గీతల్లో ఉండగానే మీ డ్రైవర్లందరినీ పిలిచి కూర్చోబెట్టండి. అందరిలోకీ పొడవైనవాడికి సీటు పోసి, పొట్టివాడికి పైన వేసుకునే ఫోమ్ విడిగా పొయ్యండి. పెడల్ బాక్సు జరగడానికి ఛాసిస్‌లోనే బోల్టు రంధ్రాలు మూడు నాలుగు వరసలు ముందే వేసి ఉంచండి.