ఏ పరికరానికి ఏ క్లాక్

చిప్‌లోని సీరియల్ పోర్టు, మెమరీ కార్డు కంట్రోలరు, తెరను నడిపే భాగం వంటి పరికరాలన్నీ క్లాక్ అందినప్పుడే పనిచేస్తాయి. ఇది వేళ చెప్పే గడియారం కాదు. బోర్డు మీది స్ఫటికం నుంచి, తరచుగా 24 మెగాహెర్ట్జ్ వద్ద బయలుదేరి, వేగాన్ని పెంచే పీఎల్ఎల్ గుండా, తగ్గించే డివైడర్ల గుండా సాగి, గేటు అనే స్విచ్చి దాటి పరికరాన్ని చేరే విద్యుత్ సంకేతం. పనిలేని పరికరానికి గేటు మూస్తే విద్యుత్తు ఆదా అవుతుంది కనుక, ఏ క్లాక్ ఏ పరికరానిదో ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కు తెలిసి ఉండాలి.

లినక్స్‌లో ఏఆర్ఎం చిప్‌ల కోడ్ ఈ విషయంలో చాలాకాలం ఎవరి దారి వారిదిగా ఉండేది. 2012లో 3.4 వెర్షన్‌తో వచ్చిన, ప్రధానంగా మైక్ టర్కెట్ రూపొందించిన కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ వాటికి ఉమ్మడి పద్ధతి ఏర్పరిచింది. క్లాక్‌కూ పరికరానికీ లంకె మాత్రం డివైస్ ట్రీలో, అంటే హార్డ్‌వేర్‌ను వర్ణించే ఫైలులో ఉంటుంది: పరికరం నోడ్‌లోని 'క్లాక్స్' పంక్తి ఫలానా కంట్రోలర్‌ను, అందులోని ఫలానా సంఖ్యను సూచిస్తుంది, పరికరాన్ని నడిపే డ్రైవర్ ఆ క్లాక్‌ను పేరుతో అడిగితే చాలు. ఒకే డ్రైవర్ పలు చిప్‌లపై నడవగలగడం ఈ విభజన చేసిన గొప్ప మేలు.

ఆ పంక్తి తప్పుగా ఉంటే ఏమవుతుందో సీరియల్ పోర్టులో చూడవచ్చు. 1,15,200 బాడ్ వేగానికి పోర్టు లోపల సాధారణంగా దానికి 16 రెట్లు, అంటే 18,43,200 హెర్ట్జ్ కావాలి. తనకు అందే క్లాక్‌ను ఎంతతో భాగిస్తే అది వస్తుందో డ్రైవర్ లెక్కగడుతుంది కాబట్టి, వేరే క్లాక్‌ను ముడివేస్తే లెక్క తప్పి టెర్మినల్‌లో అర్థంలేని అక్షరాలు వస్తాయి. అసలు రాయకపోవడం ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే కెర్నల్ కంటే ముందు నడిచే బూట్‌లోడర్ తెరిచి వదిలిన గేటు పుణ్యమా అని పరికరం కాసేపు సవ్యంగానే నడుస్తుంది. బూటింగ్ చివరలో కెర్నల్, ఏ డ్రైవరూ తనదని చెప్పుకోని క్లాక్‌లను ఆపేయగానే వెలుగుతున్న తెర నల్లబడుతుంది. బూట్‌లోడర్ సిద్ధం చేసిన తెరనే వాడుకునే సింపుల్ ఫ్రేమ్‌బఫర్‌కు ఈ ఇబ్బందే ఎదురై, దాని నోడ్‌లోనూ క్లాక్‌లు రాసే వీలు కల్పించవలసి వచ్చింది.

ఈ ఆపివేతను నిలిపే 'క్లాక్ ఇగ్నోర్ అన్‌యూజ్డ్' అనే బూట్ ఆదేశం లోపాన్ని వెతకడానికి పనికొస్తుంది. జనం చేతికి వెళ్లే పరికరంలో దాన్ని అలాగే ఉంచడం బ్యాటరీని ఖర్చుపెట్టి లోపాన్ని దాచడమే. బోర్డు ఫైళ్లు రాసే యువ ఇంజనీర్లు చిప్ మాన్యువల్‌లోని క్లాక్ అధ్యాయాన్ని ముందు పెట్టుకుని, పరికరం కోరే ప్రతి క్లాక్‌నూ, బస్ క్లాక్‌తో సహా, ఆ పరికరం నోడ్‌లోనే రాయాలి.