మచ్చలు చూసి పేరు పెట్టొద్దు

వానాకాలం వరి కాపులో వీధి దీపాల కింద రాలిపడే ఆకుపచ్చ పురుగుల్ని రైతులు పచ్చదీపపు పురుగులంటారు. నాలుగైదు మిల్లీమీటర్ల ప్రాణి. రైతుకి అదంతా ఒకటే పురుగు, మందు కొట్టాలా వద్దా అన్నదే ప్రశ్న. కానీ నెఫోటెట్టిక్స్ అనే ఈ ప్రజాతిలో విరిసెన్స్, నైగ్రోపిక్టస్ అనే రెండు జాతులు మన పొలాల్లో కలిసే తిరుగుతాయి. వీటిని పోలిన అరుదైన జాతులూ ఉన్నాయి. వాటిని విడదీసే విద్య కంటితో మొదలై సూదిమొన దగ్గర తేలుతుంది.

ముందు వెనక కాలు చూడాలి. మోకాలి కింది భాగం పొడవునా రంపం పళ్ళలా ముళ్ళ వరుసలుంటే మనకు కావాల్సిన కుటుంబమే. సుడిదోమకు ఆ వరుసలుండవు, అక్కడ కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది.

తర్వాత మచ్చలు. నైగ్రోపిక్టస్‌కు తల ముందు అంచు వెంట ఒక నల్ల చార, తల వెనక పలక ముందు అంచున మరో నలుపు. విరిసెన్స్‌కు ఈ రెండూ ఉండవు. జపాన్, చైనా పొలాల్లోని సింక్టిసెప్స్‌కు తల మీద చార ఉంటుంది, పలక మీద నలుపు ఉండదు. మగవాటి రెక్క మధ్య మచ్చ నైగ్రోపిక్టస్‌లో పెద్దది. విరిసెన్స్‌లో చిన్నది, ఒక్కోసారి అసలే ఉండదు. చిక్కంతా ఇక్కడే. ఒకే జాతిలో మచ్చ పెరుగుతుంది, తరుగుతుంది. ఆడవాటి రెక్కల కొసలకు మగవాటి నలుపు ఉండదు. ఫొటో చూసి ‘అరుదైనది దొరికింది’ అనేవాళ్ళలో చాలామంది చూసింది మచ్చ తగ్గిన మామూలు పురుగునే అని నా అనుమానం.

అందుకే తీర్పు మగ పురుగు పొట్ట చివర ఉంది. ఆ కొసను కత్తిరించి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెడతారు. కండరాలు కరిగి గట్టి భాగాలే మిగులుతాయి. నీళ్ళతో కడిగి గ్లిజరిన్ చుక్కలో ఉంచి, మైక్రోస్కోపు కింద తిప్పుతూ జననాంగం ఆకారం, దాని మీది చిన్న ముళ్ళ సంఖ్య, అమరిక చూస్తారు. పని అయ్యాక ఆ ముక్కను పారేయరు. చిన్న గొట్టంలో వేసి అదే పురుగు పిన్నుకు గుచ్చుతారు, రేపు ఇంకొకరు సరిచూసుకోవడానికి. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చిన అలవాటు ఇదే.

1908లో విరిసెన్స్‌ను వర్ణించిన డిస్టంట్ కాలంలో రంగూ రూపమే ఆధారం. జననాంగాల అధ్యయనంలో 1925 నాటి హేమ్‌సింగ్ ప్రుథీ పరిశోధన ఒక మలుపు. 1971లో ఘౌరీ మూల నమూనాలను ముందు పెట్టుకుని ఈ ప్రజాతి మొత్తాన్ని తిరగరాశారు. పాత వరి పరిశోధనల్లో కనిపించే ఇంపిక్టిసెప్స్ నేటి విరిసెన్సే. అపికాలిస్ నేటి నైగ్రోపిక్టస్.

ఇంత శ్రమ ఎందుకంటే ఈ పురుగులు వరికి మోసుకొచ్చే తుంగ్రో తెగులు వల్ల. దానికి రెండు వైరస్‌లు కారణం. గోళాకారపు వైరస్ తోడు లేనిదే రెండోదాన్ని పురుగు మోయలేదు. ఈ మోతలో అందరికన్నా సమర్థురాలు విరిసెన్స్. నైగ్రోపిక్టస్ చాలా వెనకబడి ఉంటుంది, గట్ల మీది గడ్డిలోనూ బాగానే బతుకుతుంది. వల నిండా పురుగులు పడినా అవి ఏ జాతివో తెలియకపోతే ఆ లెక్క తెగులు ముప్పు గురించి ఏమీ చెప్పదు.

ఇక అరుదైనవి. 1968లో ఇషిహారా, కవాసే పేరు పెట్టిన మలయానస్‌కు వరికన్నా లీర్సియా గడ్డి ఇష్టం. వరి మడిలోనే వల వేసేవాడికి అది అరుదుగానే తోస్తుంది. పురుగు అరుదా, మన వెతుకులాటే తప్పు చోటనా అన్నది ముందు తేల్చుకోవాలి.

మీకు తేడాగా కనిపించే పురుగు దొరికితే ఫొటోతో ఆగకండి. మగవాటిని ఆల్కహాల్‌లో భద్రపరచి, చోటు, తేదీ, ఏ మొక్క మీద పట్టారో పెన్సిల్‌తో రాసి సీసాలో వేయండి. వర్గీకరణ తెలిసినవారికి పంపండి. వాళ్ళు మగ పురుగును చూసి చెప్పేదాకా ‘నెఫోటెట్టిక్స్’ అన్న దగ్గర ఆగడమే నిజాయితీ.