పెళ్ళయిన ఏడాదికి

కురవి నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని ఈ వారం తన ప్రేమ నవలల ప్రణాళిక రాసి పంపింది. ముగ్గురు అక్కచెల్లెళ్ళు, మూడు నవలలు, నవలకో జంట. మూడింట్లోనూ వీరభద్రస్వామి జాతర. చదివి ఎంత సంతోషించానో! జాతర శివరాత్రికి గనక ఏ సంఘటన ఎప్పటిదో లెక్క తప్పదు. వయసుల పట్టిక కూడా గీసింది: పెద్దక్క పెళ్ళినాటికి చిన్నది ఇంటర్ రెండో సంవత్సరం. తేదీలు రాసుకోకుండా సీరియల్ మొదలుపెట్టొద్దని నేను పోరేది ఇందుకే.

ఊరినే కథానాయకుణ్ణి చెయ్యమనీ చెబుతుంటాను. అందుకు ఆమె దూరం చూడక్కర్లేదు. దాశరథి రంగాచార్య పుట్టిన చిన్నగూడూరు కురవి ఉన్న మానుకోట జిల్లాలోదే. 'ప్రజల మనిషి' రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు. ఆయన 'గంగు' అసంపూర్తిగా మిగిలింది. తెలంగాణ బతుకును నవలల్లో రాసే ఆ దారిని రంగాచార్య అందుకున్నారు. సాయుధ పోరాటానికి ముందరి తెలంగాణ 'చిల్లర దేవుళ్ళు'లో, పోరాట కాలం 'మోదుగుపూలు'లో, ఆ తరువాతి రోజులు 'జనపదం'లో. 'చిల్లర దేవుళ్ళు'లో పాణిని, మంజరిల ప్రేమ ఉంది. అయినా చదివాక నన్ను వదలనిది దొర గడీయే.

ప్రేమ నవలల వరుసకు మాత్రం ఊరే కథానాయకుడనే ఈ కొలత చాలదు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' పాఠకులకు కావలసింది జయంతి, రాజశేఖరం. వాళ్ళున్న ఊరు కాదు. ఒక్క నవలయితే జంట కలవగానే ముగించొచ్చు. వరుసగా రాసేవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. మొదటి జంట రెండో నవలలో కనిపించాల్సిందే.

ఈ అమ్మాయి పట్టికలో పెద్దక్క, బావ చెల్లెలి పెళ్ళిపందిట్లో నవ్వుతూ నిలబడతారు, అంతే. మరి పెళ్ళయ్యాక పెద్దక్క ఉద్యోగం మానేసిందా? మొదటి నవలలో అలిగిన అత్తగారు మాట్లాడుతున్నారా? బావ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా? నడిపి చెల్లెలు ప్రేమంటే భయపడినా, తెగించినా, ఆ కాపురాన్ని కళ్ళారా చూసినందువల్లే కావాలి. చుట్టరికం ఒక్కటే రెండు నవలలను కలపలేదు. ఒకరి బతుకు ఇంకొకరి నిర్ణయాన్ని మార్చాలి.

కాబట్టి ఊరికంటే ముందు కాపురం. అమ్మా, జాతర అలాగే ఉంచు, తేదీలూ ఉంచు. పట్టికలో 'పెళ్ళయిన ఏడాదికి' అని ఇంకో వరుస గీసుకో. అది నింపాకే రెండో నవలలో మొదటి వాక్యం రాయి.