పాస్‌వర్డ్ సరైందే అన్నా!

హోసూరులో పుట్టిన తెలుగువాడికి పేరు ఒక్కటే ఉండదు. బంధువులకు ఇంటిపేరుతో తెలుస్తాడు. బళ్లో చేరగానే తమిళ పద్ధతిలో తండ్రి పేరు తొలి అక్షరం ముందుకొచ్చి నిలబడుతుంది. బెంగళూరులో ఉద్యోగానికి వెళ్తే స్పెల్లింగూ మారిపోతుంది. మనిషి ఒక్కడే, కాగితాల్లో ముగ్గురు.

ఆఫీసు నెట్‌వర్క్‌లోనూ ఇలాంటి తంటానే. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ పక్కన విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్లు చూసేవాణ్ని. అకౌంట్స్‌లో విండోస్, మెషిన్ షాపులో లినక్స్, ఓనరు గారి బల్ల మీద మ్యాక్. లినక్స్ మనిషిని గుర్తుపట్టేది పేరుతో కాదు, నంబరుతో. ఒక సిస్టంలో 1001 అంటే అకౌంట్స్ అమ్మాయి, పక్కదాంట్లో 1001 అంటే స్టోర్స్ కుర్రాడు. సన్ కంపెనీ 1984లో తెచ్చిన ఎన్ఎఫ్ఎస్‌తో ఫోల్డర్ పంచితే, ఆమె జీతాల ఫైలు అతనికి సొంత ఫైల్లా తెరుచుకునేది. నంబరు కలిసింది కదా, ఇక అడిగేదెవరు?

విండోస్‌కీ లినక్స్‌కీ సంధి కుదిర్చింది సాంబా అనే సాఫ్ట్‌వేర్. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టాడు. (మన సాంబారుకు చుట్టం కాదు. ఎస్, ఎం, బి అక్షరాలు వరసగా వచ్చే మాట కోసం నిఘంటువు గాలిస్తే దొరికిన పేరు.) 2012 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్‌తో అది విండోస్ నెట్‌వర్క్‌లో అందరి పేర్లూ పాస్‌వర్డులూ ఒకేచోట ఉంచే యాక్టివ్ డైరెక్టరీ పెత్తనమూ చేపట్టింది. మేమూ అందరినీ ఒకే పట్టీలోకి ఎక్కించాం. ఇక కాలు మీద కాలేసుకోవచ్చనుకున్నా.

ఒక సోమవారం మెషిన్ షాపు కుర్రాడు వచ్చాడు. "అన్నా, పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతా ఉండా, లోపలికి పోనీడం లేదు." మార్చి ఇచ్చా. మళ్లీ వచ్చాడు. మూడోసారి విసుక్కుని, క్యాప్స్ లాక్ చూసుకోమని అందరి ముందూ అనేశా.

తప్పు అతనిది కాదు. ఆదివారం కరెంటు పోయింది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కంప్యూటరు కొన్నేళ్లు వెనక్కి వెళ్లి కూర్చుంది. యాక్టివ్ డైరెక్టరీలో లాగిన్ చూసే కెర్బరోస్ ప్రతి టికెట్ మీదా సమయం ముద్ర వేస్తుంది. సర్వరుకూ కంప్యూటరుకూ మామూలుగా 5 నిమిషాల తేడా దాకానే ఓర్చుకుంటుంది. కాజేసిన పాత టికెట్‌తో దొంగ రాకుండా పెట్టిన కట్టడి అది, మంచిదే. కానీ తెర మీద చాలాసార్లు గడియారం ఊసే ఉండదు, లాగిన్ తప్పనే చూపిస్తుంది. ఆ అబద్ధం మీద నాకిప్పటికీ కోపమే.

టైటాన్ గడియారాలు తయారయ్యే ఊళ్లో టైం తప్పి పట్టుబడ్డాం. బ్యాటరీ మార్చి, ప్రతి కంప్యూటరూ సర్వరును చూసి టైం దిద్దుకునేలా పెట్టి, ఆ కుర్రాడికి టీ ఇప్పించా. మీ ఆఫీసులోనూ ఎవరైనా పాస్‌వర్డ్ సరైందే అంటే, విసుక్కునే ముందు తెర మూలనున్న గడియారం చూడండి.