ధర తగ్గిందా, వస్తువు తగ్గిందా?

వీడియో గేముల ధరల గురించి మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. మొదటిది పెద్దవాళ్ల మాట: "మా కాలంలో ఇంత ఖరీదు లేదు, ఇప్పుడు ఒక్క ఆటకు అయిదు వేలా?" రెండోది ఆటలు బాగా తెలిసిన అన్నల మాట: "లెక్క వేసి చూడండి, అప్పటికంటే ఇప్పుడే చవక." మనలాంటి పిల్లలకు రెండో మాటే నచ్చుతుంది, ఎందుకంటే నాయన ముందు పెట్టి అడగడానికి అది బాగా పనికొస్తుంది. కానీ నచ్చిన మాటల్లా నిజం కాదు కదా! అందుకే ఈ వ్యాసంలో రెండు మాటలనూ పరీక్షించదలచుకున్నాను. రెండింటిలోనూ సగం సగమే నిజం ఉందని నా అభిప్రాయం.

ముందు ఈ ఆటలు తెలియని తల్లిదండ్రుల కోసం ఒక మాట. టీవీకి తగిలించి ఆడే మిషన్‌ను కన్సోల్ అంటారు. అయిదారేళ్లకో, ఏడేళ్లకో ఒకసారి కంపెనీలు పాత మిషన్ స్థానంలో కొత్తది తెస్తాయి. ఆ ఒక్కో విడతను ఒక తరం అంటారు. తరం మారినప్పుడల్లా మిషన్ ధర, ఆట ధర రెండూ మళ్లీ కొత్తగా నిర్ణయమవుతాయి.

ఈ వ్యాపారం పెద్దగా పెరిగింది అమెరికా, జపాన్ దేశాల్లో. కాబట్టి లెక్క కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. 1977లో అమెరికాలో అటారి 2600 అనే మిషన్ సుమారు 199 డాలర్లకు వచ్చింది. 1991లో సూపర్ నింటెండో కూడా 199 డాలర్లే. 1996లో నింటెండో 64 కూడా అంతే. కానీ ఆటల ధర మాత్రం తక్కువేం కాదు. సూపర్ నింటెండో రోజుల్లో కొన్ని పెద్ద ఆటలు 60 డాలర్లు దాటి 70 దాకా వెళ్లాయి.

కారణం ఏమిటంటే, అప్పట్లో ఆట క్యాసెట్‌లో వచ్చేది. మన దగ్గర అందరూ క్యాసెట్ అనేవాళ్లు గానీ దాని లోపల టేపు ఉండదు, చిప్పులు ఉంటాయి. ఆట పెద్దదైతే చిప్పు పెద్దది కావాలి, చిప్పు పెద్దదైతే ఖర్చు పెరుగుతుంది. అంటే ఆ ధరలో చాలా భాగం ఆ డబ్బా తయారీకే పోయేది.

1995లో సోనీ కంపెనీ ప్లేస్టేషన్‌ను 299 డాలర్లకు అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. దాని ఆటలు సీడీల మీద వచ్చేవి. సీడీ అచ్చు వేయడానికి అయ్యే ఖర్చు చిప్పుతో పోలిస్తే చాలా తక్కువ. పైగా అందులో చోటు ఎక్కువ. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 అనే ఆట మూడు సీడీలు నింపింది. అంత ఆటను ఆనాటి క్యాసెట్లో పెట్టడం కుదిరే పని కాదు. అయినా ప్లేస్టేషన్ ఆటలు 40, 50 డాలర్లకే దొరికాయి. అంటే తరం మారితే ధర పెరగాల్సిందే అనే నియమం ఏదీ లేదు. తయారీ చవకైతే ధర దిగిన రోజులు కూడా ఉన్నాయి.

ఆ తర్వాత మెట్లు పైకే వెళ్లాయి. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 ఆటలు 50 డాలర్లు. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు 60 అయింది. 2020లో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు 70. 2025లో స్విచ్ 2 అనే నింటెండో మిషన్‌తో పాటు వచ్చిన మారియో కార్ట్ వరల్డ్ అనే ఆటకు 80 డాలర్లు పెట్టారు.

ఇక్కడే అన్నల లెక్క మొదలవుతుంది. అర్థశాస్త్రం క్లాసులో ద్రవ్యోల్బణం గురించి చదువుకున్నాం కదా. ఏళ్లు గడిచేకొద్దీ అదే డబ్బుకు తక్కువ సరుకు వస్తుంది. 1977 నాటి 199 డాలర్లంటే ఇప్పటి లెక్కలో సుమారు వెయ్యి డాలర్లు. 1990 నాటి 50 డాలర్లు ఇప్పటి 120 డాలర్లతో సమానం. 2005 నాటి 60 డాలర్లు ఇప్పుడు 95 దాటుతాయి. ఈ లెక్కలో చూస్తే ఇవాళ్టి 70, 80 డాలర్ల ఆట నిజంగానే పాత ఆటలకంటే చవక. ఆట తయారు చేయడానికి అప్పుడు పదిమంది, ఇరవైమంది సరిపోయేవాళ్లు, ఇప్పుడు పెద్ద ఆటకు వందలమంది ఏళ్ల తరబడి పని చేస్తున్నారు. ఇంతవరకు అన్నల మాట నెగ్గినట్టే.

కానీ ఆ లెక్క మూడు విషయాలను వదిలేసింది. నా విమర్శ అంతా వాటి గురించే.

మొదటిది, చవక అంటే ఎవరికి చవక? అది డాలర్ లెక్క, అమెరికా జీతాల లెక్క. మన దేశంలో ప్లేస్టేషన్ 3 2007లో 39,990 రూపాయలకు వచ్చింది. 2014లో ప్లేస్టేషన్ 4 కూడా 39,990. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 డిస్కు మోడల్ 49,990. రూపాయి విలువ తగ్గింది కాబట్టి ఇది కూడా నిజానికి పెద్ద పెరుగుదల కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఆటల సంగతి చూడండి. ప్లేస్టేషన్ 4 చివరి రోజుల్లో సోనీవారి పెద్ద ఆటలు 3,999 రూపాయలు ఉండేవి, ప్లేస్టేషన్ 5 కి 4,999 అయ్యాయి. అంటే పది ఆటలు కొంటే ఇంకో మిషన్ ధర కట్టినట్టే. మన సోలాపూర్‌లో కార్ఖానాకు వెళ్లి చాదర్లు, టవల్లు నేసే ఇంట్లో అయిదు వేలంటే ఎన్ని రోజుల కూలీయో లెక్క చెప్పక్కర్లేదు. అమెరికాలో ఒక పనిమనిషి ఒకటి రెండు రోజుల్లో సంపాదించే డబ్బుతో ఆ ఆట వస్తుంది. ఆట ఒక్కటే, ధర ఇంచుమించు ఒక్కటే, కానీ దాని బరువు మాత్రం ఒక్కటి కాదు.

రెండోది, ఎదురుచూపు. డబ్బు తక్కువున్నవాళ్లు ఏ వస్తువైనా మొదటి రోజే కొనరు, ధర దిగేదాకా ఆగుతారు. వెనక తరాల్లో ఆ ఓపికకు ఫలితం ఉండేది. ప్లేస్టేషన్ 2 2000లో 299 డాలర్లకు వచ్చి, 2009 నాటికి 99 డాలర్లకు దిగింది. చిప్పులు ఏటేటా చిన్నవై, చవకై, ఆ లాభం కొనేవాళ్ల దాకా వచ్చేది. ఆ మిషన్ 15 కోట్లకు పైగా అమ్ముడుపోవడానికి ఇదీ ఒక కారణమే. ఆ చివరి రోజుల్లోనే, 2009లో, మన హైదరాబాద్‌లో తయారైన హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట కూడా ఆ మిషన్ మీదికి వచ్చింది. పాత మిషన్ చవకై మన దేశపు ఇళ్లలోకి చేరింది కాబట్టే ఇలాంటి ఆట మీద డబ్బు పెట్టారని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడు సంగతి తిరగబడింది. ప్లేస్టేషన్ 5 అమెరికాలో 2020లో 499 డాలర్లు. అయిదేళ్లు గడిచాక, 2025 ఆగస్టులో, అది 549 అయింది. మన దేశంలోనూ 2022లో దాని ధర 54,990 రూపాయలకు పెంచారు. చిప్పులు మునుపటిలా చవక కావడం లేదన్నది నిజమే. కారణం ఏదైనా, ఆగినవాడికి దొరికే తగ్గింపు పోయింది. మొదటి రోజు ధరను మొదటి రోజు ధరతోనే పోల్చే లెక్కలో ఈ నష్టం కనిపించదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. మనం కొంటున్న వస్తువే మారిపోయింది.

మన ఊరి చాదర్‌నే తీసుకోండి. ఒకసారి కొంటే అది మనది. చుట్టం వస్తే కప్పుతాం, చెల్లెలికి ఇస్తాం, కావాలంటే అమ్ముకుంటాం. క్యాసెట్, డిస్కు కూడా అలాంటివే. మా చిన్నాయన చిన్నప్పుడు ఒక క్యాసెట్ ఇంట్లో ఉంటే గల్లీ అంతా ఆడేవాళ్లట. ఒకరి క్యాసెట్ ఇంకొకరితో మార్చుకునేవాళ్లట. పది ఇళ్లు పది క్యాసెట్లు కొంటే, ప్రతి ఇంటికీ పది ఆటలు అందినట్టే. ఆ లెక్కన ఒక ఆట అసలు ధర పెట్టె మీద ఉన్నదానిలో పదో వంతే.

ఇప్పుడు చాలామంది ఆటను నెట్‌లో కొని దించుకుంటున్నారు. దాన్ని ఇంకొకరికి ఇవ్వలేం, అమ్మలేం. నిజానికి అక్కడ మనం కొనేది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని. ఈ సంగతి జనానికి తెలియడం లేదని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. ఇచ్చేది అనుమతి మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా, నెట్ దుకాణాలు "కొనండి" అనే మాట వాడకూడదని దాని సారాంశం.

డిస్కు కొన్నా కొన్నిసార్లు ఇదే గతి. 2014లో ద క్రూ అనే కార్ల ఆట వచ్చింది. అది ఆడాలంటే కంపెనీ సర్వర్‌కు కలవాల్సిందే. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. అంతే, డబ్బు పెట్టి కొన్న డిస్కు చేతిలోనే ఉంది, ఆట మాత్రం లేదు. ఇప్పుడు 1990 నాటి 50 డాలర్ల క్యాసెట్‌ను, ఇవాళ్టి 70 డాలర్ల అనుమతిని పక్కపక్కన పెట్టి "చవకైంది" అంటే న్యాయమేనా? సొంత ఇంటి ధరనూ అద్దెనూ పోల్చి అద్దె చవక అన్నట్టుంది.

పైగా పెట్టె మీది ధర చివరి ధర కూడా కాదు. ఆట కొన్నాక లోపల మళ్లీ దుకాణం ఉంటుంది. 2017లో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 అనే ఆటలో, పూర్తి ధర కట్టినవాళ్ల చేత కూడా లోపల పెట్టెలు కొనిపించే ఏర్పాటు చేశారు. పెట్టెలో ఏముందో తెరిస్తే గానీ తెలియదు. ఆడేవాళ్లు గొడవ చేస్తే ఆ అమ్మకం తాత్కాలికంగా ఆపారు. 2018లో బెల్జియం దేశం అలాంటి పెట్టెలు కొన్ని జూదం కిందికే వస్తాయని తేల్చింది. మన ఫోన్లలోని "ఉచితం" ఆటల్లో కూడా ఇదే పద్ధతి ఉంది. డ్రెస్సుకింత, తుపాకీ రంగుకింత. ఉచితం అంటే ధర లేదని కాదు, ధర ఎంతో ముందు చెప్పలేదని.

ఇక పెద్దవాళ్ల మాట సంగతి. "మా కాలంలో చవక" అనేదాంట్లో కూడా ఒక లోపం ఉంది. ఆ రోజుల్లో మన బజార్లలో దొరికిన మిషన్లలో చాలావరకు నింటెండోకు నకళ్లు. "999 ఆటలు" అని పైన రాసి ఉన్న క్యాసెట్లో, అవే కొన్ని ఆటలు మళ్లీ మళ్లీ వచ్చేవని చిన్నాయనే నవ్వుతూ చెప్తాడు. ఆ ఆటలు తయారు చేసినవాళ్లకు అందులో ఒక్క పైసా పోలేదు. నకలు ధరను అసలు ధరతో పోల్చి "అప్పుడు చవక" అనడం కూడా న్యాయం కాదు. చేనేత చీర పక్కన దాని నకలు పెట్టి అమ్మితే నేసినవాడికి ఎంత కోపం వస్తుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆట చేసినవాడి కష్టం కూడా అలాంటిదే.

కాబట్టి నేను తేల్చిందేమిటంటే, పెట్టె మీది అంకె తగ్గింది, కానీ ఆ అంకెకు వచ్చే హక్కులు అంతకంటే ఎక్కువ తగ్గాయి. తయారీకి ఖర్చు పెరిగిందని కంపెనీలు చెప్పే మాట అబద్ధం కాదు. కానీ కొనేవాళ్లూ పెరిగారు కదా. 2013లో వచ్చిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 ఒక్కటే 20 కోట్ల కాపీలు దాటి అమ్ముడుపోయింది. నెట్‌లో అమ్మే కాపీకి డిస్కు ఖర్చు లేదు, పెట్టె ఖర్చు లేదు, లారీ ఖర్చు లేదు. ఆ మిగులులో కొంత మన వైపు రావాలని అడగడం అత్యాశ కాదు.

మిత్రులారా, ఇంట్లో ఆట అడిగే ముందు "ఎంత?" అనే ప్రశ్న ఒక్కటే చాలదు. ఇంకో మూడు అడగండి. ఆడటం అయిపోయాక దీన్ని తమ్ముడికో, స్నేహితుడికో ఇవ్వొచ్చా? నెట్ లేకపోయినా, కంపెనీ సర్వర్ ఆపేసినా ఇది ఆడుతుందా? కొన్న తర్వాత లోపల ఇంకా డబ్బు అడుగుతుందా? మా ఇంట్లో ఈ మూడు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి నాయనకు చూపించాను. ఆయనకు ఆటల గురించి ఏమీ తెలియదు, అయినా కాగితం చదివి ఒక్క మాట అన్నాడు: "బట్ట కొనేటప్పుడు మేం కూడా ఇవే చూస్తం బిడ్డా, ఎంత అని కాదు, ఎన్నేళ్లు అని." తల్లిదండ్రులకు నా మనవి కూడా ఇదే. ఖరీదు అని ఒక్క మాటతో కొట్టిపారేయకండి, చవక అంటే ఒక్క మాటతో నమ్మకండి. మాతో పాటు కూర్చుని ఈ మూడు ప్రశ్నలు అడగండి.