ఇంటర్నెట్టు పరిణామం: పుటా, జవాబూ

ఇంటర్నెట్టు పరిణామంలో తరువాతి దశ ఏమిటి? ఈ ప్రశ్నకు గత పాతికేళ్లలో కనీసం మూడు సమాధానాలు వచ్చాయి. మాటలు వేరయినా మూడింటి వెనుకా ఒకే ధోరణి వున్నది. మొగ్గ పువ్వయినట్లు, పువ్వు పిందె అయినట్లు, ఇంటర్నెట్టు దానంతటదే ఒక దశ నుంచి మరొక దశకు ఎదుగుతున్నదనీ, మనం చేయవలసినదల్లా ఆ ఎదుగుదలను ముందుగా పసికట్టి సర్దుకోవడమేననీ ఆ ధోరణి సారాంశం. ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది దానినే. సాహిత్య విద్యార్థులకు దీనితో పనేమిటని కొందరు అడగవచ్చు. ఇప్పుడు వచ్చిన దశకు ముడిసరుకు రాత. అది మార్చబోయేది చదువును. అందువల్ల ఇది సాహిత్య విమర్శకు పరాయి విషయం కాదు.

ముందు చరిత్ర చూద్దాం. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ఆర్పానెట్ మీద మొదటి సందేశం వెళ్లింది. దానికి డబ్బు పెట్టినది అమెరికా రక్షణ శాఖ. 1989లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో వెబ్బుకు రూపకల్పన చేశాడు. 1993 ఏప్రిల్ 30న ఆ వెబ్బు సాఫ్ట్‌వేర్‌ను రుసుము లేకుండా ఎవరైనా వాడుకోవచ్చునని సెర్న్ ప్రకటించింది. సరిగ్గా రెండేళ్లకు, 1995 ఏప్రిల్ 30న, అమెరికా ప్రభుత్వ ధనంతో వెన్నెముకగా నడిచిన ఎన్.ఎస్.ఎఫ్.నెట్‌ను మూసి, ఆ స్థానాన్ని ప్రైవేటు కంపెనీలకు వదిలారు. అదే సంవత్సరం ఆగస్టు 15న మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్టును అందించింది. ఇవేవీ మొగ్గ తొడగడాలు కావు; నిర్ణయాలు. 1993 నిర్ణయం వెబ్బును ఉమ్మడి ఆస్తి చేసింది. 1995 నిర్ణయం ఆ ఉమ్మడి ఆస్తికి పోయే దారిని వ్యాపారుల చేతిలో పెట్టింది.

2004 ప్రాంతంలో ‘వెబ్ 2.0’ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. పాఠకుడే రచయిత అయినాడని సంబరపడ్డారు. అందులో నిజం లేకపోలేదు. సంపాదకుని గడప తొక్కలేని ఎందరో తెలుగువారు బ్లాగులలో రాశారు. 2003 డిసెంబరులో మొదలయిన తెలుగు వికీపీడియాకు జీతం లేని చేతులే ఈనాటికీ ఆధారం. అయితే అదే కాలంలో మరొకటి జరిగింది. రాసేది ప్రజలయ్యారు, రాతను నిలవచేసే గాదెలు కొద్ది కంపెనీలవయ్యాయి. ఆ కంపెనీలు ప్రకటనదారులకు అమ్మినది పాఠకుని చూపును. పంట ఒకరిదీ, గాదె మరొకరిదీ అయితే ఏమవుతుందో మన పల్లెలకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక తరువాతి దశ గురించిన మూడు సమాధానాలకు వస్తాను.

మొదటిది బెర్నర్స్-లీ తన ఇద్దరు సహచరులతో కలిసి 2001లో ప్రతిపాదించిన ‘సిమాంటిక్ వెబ్’. ప్రతి పుటలోనూ దాని అర్థాన్ని యంత్రం గ్రహించగల గుర్తులు పెట్టాలనీ, అప్పుడు లోకంలోని సమాచారమంతా ఒక పెద్ద గ్రంథాలయ సూచికలాగా పనిచేస్తుందనీ ఆయన ఆశించాడు. ఆ ఆశలో ప్రజాహితం వున్నది. కాని కోట్ల పుటలకు ఆ గుర్తులు పెట్టే శ్రమ ఎవరిది, దానికి కూలి ఎవరిస్తారు అనే ప్రశ్నకు అందులో తగిన జవాబు లేదు. తన గాదెను అందరికీ తెరిచిపెట్టడంలో ఏ కంపెనీకీ లాభం కనిపించలేదు. ఆ పద్ధతులు కొన్నిచోట్ల మిగిలినా, ఆ కల మాత్రం నెరవేరలేదు.

రెండవది ‘వెబ్ 3’. 2014లో గావిన్ వుడ్ పెట్టిన ఈ పేరు 2021లో మారుమోగింది. ఇంటర్నెట్టులో జబ్బు యాజమాన్యానిదని వీరు సరిగానే పట్టుకున్నారు. కాని వీరిచ్చిన మందు యాజమాన్యాన్ని చిన్న చిన్న నాణేలుగా తరిగి సంతలో పెట్టడం. సంతలో పెట్టినది డబ్బున్నవాడి చేతికే చేరుతుంది. 2022 నవంబరులో ఎఫ్.టి.ఎక్స్. అనే నాణేల మారకపు సంస్థ దివాలా తీసింది, సామాన్య మదుపరుల సొమ్ము చిక్కుకుపోయింది. ఆ తరువాత ఈ సమాధానానికి మునుపటి గొంతు లేదు.

మూడవది నిజంగానే వచ్చినది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజల ముందుకు వచ్చింది. 2024లో గూగుల్ తన వెతుకులాట ఫలితాల తలమీద తానే కూర్చిన జవాబును పెట్టడం మొదలుపెట్టింది. అంతవరకు వెబ్బులో మనం అడిగితే దొరికేది పుట. ఇప్పుడు దొరికేది జవాబు. నా దృష్టిలో తరువాతి దశ సారమంతా ఈ మార్పులోనే వున్నది.

ఈ జవాబు ఎలా తయారవుతుంది? కోట్ల పుటలలో ఏ మాట తరువాత ఏ మాట వస్తున్నదో యంత్రం లెక్కగట్టి నేర్చుకుంటుంది, ఆ లెక్క ప్రకారం కొత్త వాక్యం అల్లుతుంది. ఈ యంత్రాలకు మేతగా పోసినవాటిలో వికీపీడియా వున్నది, పుస్తకాలున్నాయి, పత్రికలున్నాయి, పేరు లేనివారు రాసుకున్న రాతలున్నాయి. జవాబు మర్యాదగా వుండేటట్లు దిద్దడానికి మనుషులు కావాలి. చాట్‌జీపీటీ కోసం కెన్యాలో ఘోరమైన రాతలు చదివి గుర్తులు పెట్టిన కార్మికులకు గంటకు రెండు డాలర్లలోపే ముట్టిందని 2023 జనవరిలో టైమ్ పత్రిక వెల్లడించింది. సిమాంటిక్ వెబ్ జవాబు చెప్పలేకపోయిన కూలి ప్రశ్నను ఈ దశ ఇలా పరిష్కరించుకున్నది: కొందరి శ్రమకు అడగకుండా సున్న, మరికొందరి శ్రమకు చాలీచాలని కూలి.

పుటకూ జవాబుకూ గల తేడా విమర్శకునికి ప్రాణప్రదమయినది. పుటకు రచయిత వుంటాడు, తేదీ వుంటుంది, చిరునామా వుంటుంది. దానిని ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం రాశారని అడగవచ్చు. మన విమర్శ మొదలయ్యేదే ఆ ప్రశ్నతో. జవాబుకు ఇవి వుండవు. కొన్ని యంత్రాలు ఆధారాలు చూపుతున్న మాట నిజమే. కాని జవాబు దొరికినవాడు పుట తెరవడం తగ్గుతున్నది. వికీపీడియాను చూసే మనుషుల సంఖ్య అంతకు ముందటి ఏడాదికంటె సుమారు 8 శాతం తగ్గిందని 2025 అక్టోబరులో వికీమీడియా ఫౌండేషన్ ప్రకటించింది. ఇలాంటి జవాబులను కూడా ఒక కారణంగా చూపింది. చదివేవారు తగ్గితే రాసేవారు తగ్గుతారు. మేత పెట్టిన చేనునే యంత్రం బీడు చేస్తున్నది.

నా తరగతిలో జరిగినది ఒకటి చెబుతాను. కన్యాశుల్కం గురించి వ్యాసం రాయమంటే నలుగురు విద్యార్థులు దాదాపు ఒకే వాక్యాలు రాశారు. వాక్యాలు శుభ్రంగానే వున్నాయి. కాని ఈ నాటకం 1897లో ఒక రూపంలోనూ, 1909లో ఎంతో పెంచి మార్చిన మరొక రూపంలోనూ అచ్చయింది. మధురవాణి పాత్ర అంతగా పెరిగినది రెండవ రూపంలోనే. నలుగురి వ్యాసాలలోనూ ఈ రెండు రూపాలూ ఒకటిగా కలిసిపోయాయి. ఈ అభిప్రాయం ఎవరిదని అడిగితే ఒకరూ చెప్పలేకపోయారు. వారిది బద్ధకమని నేననను. అభిప్రాయానికి యజమాని వుంటాడనే స్పృహనే ఈ దశ వారికి దూరం చేస్తున్నది. గురజాడ ఆ నాటకాన్ని ఎందుకు మార్చాడనే ప్రశ్న పుట్టకపోతే, ఆ కాలపు సమాజంలోని ఘర్షణ మనకు కనిపించదు.

తెలుగు విషయంలో ఇది మరింత తీవ్రమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు. కాని వెబ్బులో తెలుగు రాత ఒక శాతంలో చిన్న భాగం. 2020లో వచ్చిన జీపీటీ-3కి మేపిన మాటలలో ఇంగ్లీషు సుమారు 93 శాతం. 2023లో వచ్చిన జీపీటీ-4కు ఏమి మేపారో దాని యజమానులు చెప్పడానికే నిరాకరించారు. దీనిలో మన లోపమూ వున్నది. అనేక తెలుగు పత్రికలు చాలాకాలం ఎవరి ఫాంటులో వారు అచ్చువేసుకున్నందువల్ల, యూనికోడ్‌కు మారేదాకా, ఆ రాత వెతుకులాటకు అందలేదు. యంత్రాలు మాటను ముక్కలుగా కోసి లెక్కపెడతాయి. ఆ కోత ఇంగ్లీషుకు అనుకూలంగా జరిగినందువల్ల, తొలి యంత్రాలలో ఒక్క తెలుగు మాట అనేక ముక్కలయ్యేది. ముక్కల లెక్కన రుసుము కట్టే చోట తెలుగువాడు అదే పనికి ఎక్కువ చెల్లించవలసివచ్చింది. అచ్చులో వున్న తెలుగు ఇంత తక్కువయినప్పుడు, అచ్చుకెక్కని మాండలికాల సంగతి చెప్పనవసరం లేదు. పలుకుబడికి గ్రాంథికపు సంకెళ్లు తెంచడానికి గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడాడు. యంత్రం నేర్చుకున్న సగటు తెలుగు కొత్త గ్రాంథికమయ్యే ప్రమాదం వున్నది.

అంతమాత్రాన యంత్రాన్ని తగలబెట్టమనడం అభ్యుదయం కాదు. చదువు రాని ఒక తల్లి ఇంగ్లీషులో వచ్చిన ఆస్పత్రి కాగితాన్ని తెలుగులో చెప్పించుకుని వినగలగడం చిన్న విషయం కాదు. తాటాకు మీద మమకారంతో అచ్చుయంత్రాన్ని తిట్టినవారి సరసన నేను నిలబడను. నా ప్రశ్న యంత్రం గురించి కాదు, యంత్రం ఎవరి చేతిలో వున్నదనే దాని గురించి. సి.పి. బ్రౌన్ కూడా పండితుల చేత రాయించి, తాళపత్రాలకు ప్రతులు తీయించి, మన సాహిత్యాన్ని ఒకచోట చేర్చాడు. ఆయన తెల్లదొరల కంపెనీ ఉద్యోగి. పండితులలో చాలామంది పేర్లు మరుగునపడ్డాయి. అయినా ఆ ప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. తరువాతి తరాలు వాటిని స్వయంగా విప్పి, తప్పొప్పులు తేల్చుకోగలిగాయి. నేటి యంత్రాలలో పేరుమోసినవాటి లోపలికి చూడడానికి ఆ మాత్రం గ్రంథాలయపు తలుపు కూడా లేదు.

దశలు తప్పనిసరి కావని మన దేశమే ఒకసారి నిరూపించింది. పేదలకు ఉచితమంటూ, తాను ఎంచిన కొన్ని సైట్లనే చూపించే పథకాన్ని ఫేస్‌బుక్ 2015లో తెచ్చింది. లక్షలాది మంది నిరసన లేఖలు రాశారు. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ అలాంటి వివక్ష రుసుములను నిషేధించింది. అది కూడా ఒక తరువాతి దశగానే వచ్చింది. జనం వద్దన్నారు, ఆగిపోయింది.

కాబట్టి ఉపాధ్యాయులూ విద్యార్థులూ చేయవలసిన పని స్పష్టంగానే వున్నది. కాపీహక్కు తీరిన గ్రంథాలను, ఏ ముద్రణో ఏ సంవత్సరమో స్పష్టంగా చెబుతూ, వికీసోర్సు వంటి ఉమ్మడి భాండారాలలో చేర్చాలి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ ఇంజనీరింగు విద్యార్థుల చేత పాత తెలుగు కథలను సేకరింపజేసి, ‘చందమామ కథలు’ పేరుతో ఒక చిన్న భాషాయంత్రాన్ని తయారుచేయించింది. సాహిత్యం చదివినవారు అలాంటి ప్రయత్నాలకు దూరంగా వుండరాదు. మన రాతలు మేసిన యంత్రం ఏమి మేసిందో చెప్పి తీరాలనీ, ప్రజాధనంతో తయారయ్యేది ప్రజలకే తెరిచి వుండాలనీ అడగాలి. తరగతిలో జవాబు తెచ్చిన ప్రతి విద్యార్థినీ పుట దగ్గరకు తిరిగి పంపాలి.

ఉమ్మడిగా పండించినది ఉమ్మడిగానే మిగులుతుందా, నలుగురు యజమానుల గాదెకు చేరి మనకే జవాబుగా అమ్ముడవుతుందా అన్నదే అసలు వివాదం. దానిని తేల్చేది పరిణామ సూత్రమేదీ కాదు, మనం చేసే పనీ చేయని పనీ మాత్రమే.