ముఖలేపనముల డబ్బాపై రాతలు

ముఖమునకు పూసికొను క్రీములను కొనువారు సామాన్యముగా రెండింటిని చూచి కొందురు: డబ్బా ముందువైపు బొమ్మను, దాని ధరను. వెనుకవైపు సన్నని అక్షరములతో అచ్చయిన భాగమును చదువువారు అరుదు. కొన్నింటిపై ఆ అచ్చు భూతద్దము లేనిదే కనబడదు కూడ. అయినను తయారీదారుడు చట్టమునకు బద్ధుడై చెప్పిన మాటలు అక్కడనే ఉన్నవి. ముందువైపు మాటల సంగతి వేరు. "నిగారింపు", "కాంతి", "సహజమైన ఛాయ" - వీనిలో ఏ ఒక్కటియు కొలతకు లొంగునది కాదు. కొలువరాని దానిని అబద్ధమని నిరూపించుటయు కష్టమే. ఈ సంగతి ప్రకటనలు వ్రాయువారికి బాగుగా తెలియును.

మన దేశమున 1940 నాటి ఔషధ చట్టమును 1962లో సవరించి సౌందర్య సాధనములను దాని పరిధిలోనికి తెచ్చిరి. రోగమును గుర్తించుటకు, కుదుర్చుటకు, నివారించుటకు వాడునది ఔషధము. శుభ్రపరచుటకు, అందగించుటకు, ఆకర్షణను పెంచుటకు, రూపమును మార్చుటకు ఒంటికి పూయునది సౌందర్య సాధనము. ఈ విభజన పైకి చక్కగనే ఉన్నది. కాని "రూపమును మార్చుట" అను మాట మిక్కిలి వదులైనది. దానిలో పౌడరును ఇముడును, ముఖముపై మంగును పోగొట్టెదనను క్రీమును ఇముడును. పైగా ఔషధముపై ప్రతి క్రియాశీల ద్రవ్యము ఎంత శాతమున్నదో వ్రాయవలెను. సౌందర్య సాధనముపై పేర్లు చాలును: నూటికి ఒక పాలు మించిన ద్రవ్యములను బరువునుబట్టి అవరోహణ క్రమములో వ్రాసి, అంతకు లోబడిన వానిని తరువాత ఏ వరుసలోనైనను వ్రాసికొనవచ్చును. కాబట్టి డబ్బా ముందర కుంకుమపువ్వు బొమ్మ ఎంత పెద్దదైనను, లోపల ఆ పువ్వు సారము ఎంత ఉన్నదో పాఠకునికి తెలియదు. జాబితాలో సువాసన ద్రవ్యము తరువాత దాని పేరు కనబడినచో అది రవ్వంతయే అని ఊహింపవచ్చును.

ఈ వర్గములో మిక్కిలి ప్రసిద్ధమైనది తెల్లదనమును వాగ్దానము చేయు క్రీము. "ఫెయిర్ అండ్ లవ్లీ" 1975లో మన దేశపు విపణిలోనికి వచ్చినది. 2020లో దాని పేరులోని మొదటి మాటను మార్చి "గ్లో అండ్ లవ్లీ" అని పిలువసాగిరి. పేరు మార్పును మెచ్చుకొనినవారు పలువురు. శాస్త్రదృష్టితో చూచినచో ప్రశ్న పేరును గూర్చినది కాదు. ఒక క్రీము చర్మపు రంగును ఎంతవరకు మార్చగలదు?

మనుష్యులలో రంగుకణముల సంఖ్య దాదాపు సమానమే. నల్లనివానికిని తెల్లనివానికిని గల భేదము, ఆ కణములు తయారుచేయు మెలానిన్ పొట్లముల పరిమాణములోను, అవి పైనున్న కణములలో సర్దుకొను తీరులోను ఉన్నది. ఇది పుట్టుకతో వచ్చిన ఏర్పాటు, రోగము కాదు. ఎండవలన, మొటిమ మానిన పిమ్మట మిగిలిన మచ్చవలన అదనముగా చేరిన నలుపును కొంత తగ్గించుట సాధ్యము. నియాసినమైడ్ అను బి-విటమిను రూపము మెలానిన్ పొట్లములు పై కణములలోనికి చేరుటను కొంత అడ్డగించును. ఫలితము స్వల్పము, వాడుక మానినచో నిలువదు. బాహ్యచర్మపు అడుగున పుట్టిన కణము పైకి చేరి రాలిపోవుటకు ఇంచుమించు నాలుగు వారములు లేక అంతకు మించి పట్టును. కావున రంగులో నిజమైన మార్పు నెలల లెక్కన రావలసినదే.

ఇచ్చట ఒక చిక్కు ఉన్నది. కొన్ని క్రీములు నిజముగనే వారము రోజులలో ముఖమును తెల్లబరచుచున్నవి. కొనువారు దానిని క్రీము గొప్పతనముగా భావించి, ఇరుగుపొరుగువారికిని చెప్పుదురు. వాస్తవమునకు ఆ వేగమే అనుమానింపదగిన లక్షణము. ఆ తెలుపు కేవలము టైటానియం డయాక్సైడ్ వంటి తెల్లపొడి పూత అయి ఉండవచ్చును; అది ముఖము కడిగినచో పోవును, దానివలన హాని లేదు. అట్లు కానిచో అందులో స్టెరాయిడ్ గాని, పాదరసము గాని ఉండవచ్చునని శంకింపవలెను.

స్టెరాయిడ్ పూసిన చోట సన్నని రక్తనాళములు ముడుచుకొని చర్మము పాలిపోవును. ఏ స్టెరాయిడ్ ఎంత బలమైనదో తేల్చుటకు 1962 నుండి శాస్త్రజ్ఞులు వాడుచున్న పరీక్ష ఈ పాలిపోవుటయే. అనగా ప్రయోగశాలలో మందు బలమునకు కొలతయైనది బజారులో సౌందర్యమై అమ్ముడగుచున్నది! దానితోపాటు ఎఱ్ఱదనము, దురద, మొటిమల వాపు తాత్కాలికముగా అణగును. కొన్ని వారములకు చర్మము పలుచబడును. నాళములు ఉబ్బి ఎఱ్ఱని గీతలుగా కనబడును. కొత్త మొటిమలు, నూగు వెండ్రుకలు పుట్టును. మానినచో ముఖము మండి కందిపోవును. ఆ మంట భరింపలేక మరల పూయుదురు. ఈ విధముగా క్రీము తానే పుట్టించిన బాధకు తానే మందుగా చెలామణి యగుచుండును.

ఇది ఎక్కడనో జరుగు అరుదైన విషయము కాదు. మన దేశములోని పన్నెండు చర్మవైద్య కేంద్రములలో జరిపి 2011లో ప్రకటించిన పరిశీలనలో, ముఖచర్మ వ్యాధులతో వచ్చిన 2926 మందిలో 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుచున్నట్లు తేలినది. వారిలో 257 మందికి వానిని సూచించినవారు వైద్యులు కారు. 126 మంది వానిని తెల్లబడుటకో, సామాన్యమైన ముఖలేపనముగానో, గడ్డము గీసికొనిన పిమ్మట పూతగానో వాడుచుండిరి. 392 మందిలో దుష్ఫలితములు కనబడినవి.

నేరమంతయు వాడినవారిదేనని అనుట న్యాయము కాదు. 1975లో అమెరికాలో క్లిగ్మన్, విల్లిస్ అను ఇరువురు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడింటిని కలిపిన ఒక మిశ్రమమును ప్రకటించిరి. మంగునకు వైద్యుని పర్యవేక్షణలో కొద్ది కాలము వాడుటకు అటువంటి మిశ్రమము ఉపయోగించును. ఆ బాటలోనే మొమెటాసోన్ చేర్చిన మిశ్రమములు మన మందుల దుకాణములలోనికి వచ్చి, ఎంతో కాలము చీటీ అడుగకయే చేతులు మారినవి. 2018లో కేంద్ర ప్రభుత్వము పూత స్టెరాయిడులకు గల సడలింపును తొలగించి వానిని షెడ్యూలు "హెచ్"లో చేర్చినది. నియమము ఉన్నది, దుకాణపు బల్ల దగ్గర అది ఎంత వరకు నడచుచున్నదో మాత్రము ఒక ట్యూబును అడిగి చూచినచో తెలియును.

పాదరసపు కథ ఇంకను విషమమైనది. మెలానిన్ తయారీకి అవసరమైన టైరోసినేజ్ అను ఎంజైమును పాదరస లవణములు పనిచేయనీయవు. అందుచేతనే అవి రంగును తగ్గించును. కాని చర్మముగుండ ఒంటిలో చేరి మూత్రపిండములకు కీడు చేయును. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు వడపోత పొర దెబ్బతిని మూత్రములో మాంసకృత్తులు పోవు ఒక వ్యాధి 22 మందిలో కనబడినది. వారిలో 15 మందికి నెల్-1 అను అరుదైన తరగతి వ్యాధి ఉన్నట్లు, ఆ 15 మందిలో 13 మంది తెలుపు క్రీములు వాడినట్లు అక్కడి వైద్యులు గుర్తించిరి. క్రీము మానిన తరువాత చాలమందిలో వ్యాధి తగ్గినది. పాదరసము చేర్చిన సౌందర్య సాధనములను 2013 నాటి మినమాటా ఒడంబడిక నిషేధింపసాగినది. మొదట పది లక్షల పాళ్లలో ఒక పాలు వరకు ఉన్న మినహాయింపును 2023లో సభ్యదేశములు తొలగించి, 2025 నాటికి పూర్తి నిషేధమును నిర్ణయించినవి.

ఎండకాపు లేపనముల విషయములో మోసము కంటె లెక్క తప్పు ఎక్కువ. ఎస్.పి.ఎఫ్. 30 అనగా చర్మమును కందించు కిరణములలో ముప్పదవ వంతు మాత్రమే లోనికి పోవును. 50 అనగా ఏబదవ వంతు. మొదటిది నూటికి 97 పాళ్లు, రెండవది 98 పాళ్లు ఆపుచున్నవి. ఒక పాలు భేదమునకు అదనపు ధర ఇచ్చుటకు ముందు, ఆ అంకె ఎట్లు వచ్చినదో చూడవలెను. పరీక్షలో చదరపు సెంటీమీటరునకు 2 మిల్లీగ్రాములు పూయుదురు. ఆ లెక్కన ముఖమునకు, మెడకు పూటకు గ్రాము నుండి ఒకటిన్నర గ్రాము కావలెను. రోజునకు ఒకసారి పూసినను 50 గ్రాముల ట్యూబు ఆరేడు వారములకు మించి రాదు. ఒక ట్యూబుతో సంవత్సరము గడపు ఇంటిలో డబ్బాపై అంకెకు అర్థము లేదు. గొడుగు చవుక. తొమ్మిదవ తరగతి గణితములో ఈ లెక్కను వేయింపవచ్చును.

ఇంటి వైద్యమును మెచ్చుకొనువారు నిమ్మరసమును వదలరు. దాని ఆమ్లత ఎక్కువ. పైగా నిమ్మజాతి తొక్కలలోని కొన్ని పదార్థములు ఎండ తగిలినప్పుడు చర్మమును కాల్చి నల్లని చారలను మిగుల్చును. సున్నిపిండి మురికిని వదల్చును, రంగును మార్చదు. చలికాలపు పగుళ్లకు 1872లోనే పేటెంటు పొందిన పెట్రోలియం జెల్లీని మించిన క్రీములు కొద్ది. అది చర్మమునుండి నీరు ఆవిరి కాకుండ ఆపును, ధరయు తక్కువే.

మొటిమలు హైస్కూలు వయసువారికి నిజమైన బాధ. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతము, 10 శాతమునకు దాదాపు సమానముగా పనిచేయునని, మంట మాత్రము తక్కువనియు 1986లోనే తేలినది. ఏ మందుకైనను ఆరు నుండి ఎనిమిది వారములు గడువు ఈయవలెను. పదిరోజులకొక కొత్త ట్యూబు మార్చు పిల్లవానికి ఏదియు పనిచేసినట్లు కనబడదు.

లేసరు, ఆమ్లపు పూతలవంటి చికిత్సలను గూర్చి ఒక సంగతి చెప్పక తప్పదు. చర్మమును ఎండకు స్పందించు తీరునుబట్టి విభజించు ఫిట్జ్‌పాట్రిక్ పట్టిక 1975లో తెల్లని చర్మములకే ఏర్పడినది. గోధుమ, నల్ల చర్మముల తరగతులు 1988లో చేరినవి. మన వారిలో చాలమంది ఈ తరువాత చేరిన తరగతులలోనివారే. లేసరు కాంతిని మెలానిన్ పీల్చుకొనును. చర్మములో అది ఎక్కువైన కొలది కాలి మచ్చపడు ప్రమాదము ఎక్కువ. 1064 నానోమీటర్ల కాంతిని మెలానిన్ తక్కువ పీల్చును గనుక నల్లని చర్మమునకు అది కొంత నయము. ఆమ్లపు పూతలోను గాఢత, ఆమ్లత, ఉంచిన నిమిషములు మూడును లెక్కకు వచ్చును. ఏ తరంగదైర్ఘ్యమో, ఏ గాఢతయో, చేయువారి అర్హత యేమిటో చెప్పని చోట రుసుము ఎంత తక్కువైనను ఎక్కువే.

తరగతిలో ఉపాధ్యాయుడు పిల్లలచేత ఇంటిలోని ఖాళీ డబ్బాలను తెప్పించి వెనుకవైపు చదివింపవచ్చును. క్లోబెటాసోల్, బెటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లుయోసినోలోన్ అను పేర్లు కనబడినచో అది స్టెరాయిడ్ మందు. కాలొమెల్, మెర్క్యురీ అను మాటలున్నచో పాదరసము. తయారీదారుని చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ లేని డబ్బాలను వేరుగా పెట్టవలెను. ఇంటిలో వానిని వాడుచున్నవారికి చెప్పవలసిన మాటను పిల్లలే తీసికొని పోగలరు.